పొలిమేర రిజిస్టరు

మా చరిత్ర సంఘానికి ఆఫీసంటే
గుత్తి బస్టాండు వెనక, టైర్ల షాపు మిద్దె మీద గది.
ఆస్తులు: రెండు కుంచెలు, ఒక భూతద్దం,
మొదటి పేజీలు చెదలు తిన్న రిజిస్టరు.
సభ్యులు పదకొండు మంది.
ఆదివారం పొద్దున్నే వచ్చేది ముగ్గురం.
నేను కోశాధికారిని.
మిగిలిన ఆరు రోజులూ జాకెట్లు కుడతాను.

ఆ వారం బొమ్మలకుంట్లకు పోయినాం.
ఓబులపతి సంచిలో ఉగ్గాని పొట్లాలు ఇంకా వేడిగానే ఉన్నాయి.
ఖాజావలి సారు సర్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి,
ఊరి బయట మోపెడ్ ఆపి చెయ్యి చాచినాడు:
"ఈ వంక ఒకప్పుడు సరిహద్దమ్మా.
ఈ గట్టున ఒక రాజ్యం, ఆ గట్టున ఇంకొకటి.
నడుమ ఆవులు మేస్తాండ్య.
ఎవరి గడ్డి తింటాండామో వాటికేం తెలుసు?"
ఇప్పుడు వంకలో ఇసుక కూడా లేదు.
రెండు గట్ల మీదా ఒకటే శనక్కాయ చేను.
సరిహద్దు ఎప్పుడో లేచి పోయింది,
పోతుంటే ఊళ్ళో ఎవరూ చూసినట్టు లేదు.

రాయి సుంకులక్క ఇంటి ముందర,
బోరింగు పక్కన వెల్లకిలా పడుకొనుంది.
మీద సబ్బు నురగ.
"దుప్పట్లు రెండున్నాయి, అయ్యేదాకా నిలబడండప్పా."
నిలబడ్డాం.
ఎన్ని వందల ఏళ్ళో ఆగినోడు,
ఇంకో అరగంటకు ఏమంటాడు.

చివరికి రెండు బిందెలు కుమ్మరించింది.
తడిసిన రాతి మీద ఏటవాలు ఎండ పడి
ఒక్కొక్కటే పైకి తేలినాయి:
సూర్యుడు, చంద్రుడు, ఎత్తిన కత్తి,
రొమ్ములో దిగిన బాణం,
అడుగున మూడు ఆవులు,
అందులో ఒకటి మెడ తిప్పి వెనక్కి చూస్తా ఉంది.
మొగం మాత్రం లేదు.
దుప్పట్లకు అరిగిపోయింది.

కొలిచే టేపు మరిచిపోయినాం.
నా మెడలో ఉండేదే తీసినాను.
భుజం నుంచి భుజానికి తొమ్మిదంగుళాలు,
నడుము నాలుగు,
కత్తి పట్టిన చెయ్యి ఏడున్నర.
అలవాటు కొద్దీ చంక లోతు కూడా రాసుకున్నా.
"వానికి గానీ జాకెట్ కుడతావా ఏందక్కా!"
ఓబులపతి నవ్వినాడు.
నాకు నవ్వు రాలేదు. బాణం దిగిన చోట
టేపు తడిసి రాయికి అతుక్కుంది.

ఆవుల కింద రెండు వరసల అక్షరాలు.
తడికాగితం పరిచి, కుంచెతో మెత్తగా కొట్టి,
సారు మసి అద్దినాడు.
తుఱు అని వచ్చింది. కాచి అని వచ్చింది.
చివర్న పడియె.
ఆవుల్ని కాచి పడిపోయినాడు, సరే,
ఎవరు?
పేరుండాల్సిన చోట రాయి అద్దం మాదిరి నున్నగా ఉంది.
కాలర్లు రుద్దేది అక్కడేనంట.

"వీని పేరు ఏమన్నా తెలుసా అక్కా?"
"తెలీకేం. తిప్పడు."
ఓబులపతి పెన్ను మూత ఊడదీసినాడు.
సారు చేతిలో మసిగుడ్డ వణికింది.
"మా మామ ఈడ కట్టేస్తాండ్య. తెల్లెద్దు.
అది సచ్చిన్నాడు ఇంట్లో పొయ్యి ఎలిగీలేదు.
అందుకే దీన్ని తిప్పని బండ అంటాం."

రాయిని మా గదికి తరలిస్తామని అడిగినాం.
"ఇచ్చేదానికేం, తీస్కపోండి. నేను బట్టలెక్కడ ఉతకల్ల,
మీ సంఘం మీదనా?"
కొత్తది బేతంచెర్ల బండ, బాడుగతో కలిపి ఎనిమిది వందలు.
నా పర్సులో సంఘం డబ్బు మూడు వందల నలభై.
ఒకటో తేదీ పింఛను పడనీ, అన్నాడు సారు.
"అయితే బండ తెచ్చినాకే రాండి" అని
ఆయమ్మ ఇంకో చీర నానేసింది.

రాత్రి రిజిస్టరు నింపుతా కూర్చున్నా.
ఊరు. ఎత్తు. వెడల్పు. ఆవులు: మూడు.
పేరు దగ్గర పెన్సిలుతో తిప్పడు అని రాసి,
అది ఎద్దు పేరని చెరిపేసినా.
ఎంత రుద్దినా సగం కనిపిస్తానే ఉంది.
ఆవులు ఇల్లు చేరినాయా అనే గడి
మా రిజిస్టరులో ఎవరూ పెట్టలేదు.
స్కేలుతో నేనే ఒకటి గీసినా,
ఏం రాయాలో తెలీక వదిలేసినా.

ఖర్చు: ఉగ్గాని అరవై. పెట్రోలు నూట పది.
నిల్వ: నూట డెబ్బై.